1050 టీఐ తీసేసి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొననా, ఆగనా? చేతిలో 22 వేలున్న తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది మిగతావాళ్లకీ అర్థమయ్యేలా ముందు క్లుప్తంగా పెడతా. నీ సిస్టమ్‌లో రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ, కేబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై), 1080పీ 75 హెర్ట్జ్ మానిటర్ ఉన్నాయి. రోజూ ఆడేది వాలరెంట్, అప్పుడప్పుడూ జీటీఏ 5. ఇప్పుడు సైబర్‌పంక్ 2077 ఆడాలని మనసు పడ్డావు. చేతిలో 22 వేలున్నాయి. ఏఎండీ వాళ్ల ఆర్ఎక్స్ 6600 కొననా, ఎన్విడియా వాళ్ల ఆర్టీఎక్స్ 3050 కొననా, లేక ఆగనా అని అడుగుతున్నావు.

సూటిగా చెప్తా. సైబర్‌పంక్ లాంటి పెద్ద గేములు నిజంగా ఆడేవాడివైతే కొను. 8 జీబీ కార్డే కొను, నీ సిస్టమ్‌కి నా ఓటు ఆర్ఎక్స్ 6600కి. కానీ ఆ 22 వేలూ కార్డు మీదే పెట్టకు. నీ సిస్టమ్‌లో కార్డు కంటే ముందు మార్చాల్సినవి రెండున్నాయి: ఆ ఎస్ఎంపీఎస్, ఆ ఒంటరి ర్యామ్ స్టిక్. ఇక రోజూ ఆడేది వాలరెంటే, సైబర్‌పంక్ ఏదో రెండు రోజుల సరదా అంటావా, అప్పుడు కార్డు జోలికే వెళ్లకు.

సికింద్రాబాద్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర సిస్టమ్‌లు బిల్డ్ చేయడం నా పని. కార్డు కొనుక్కుని వచ్చి 'అన్నా, ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) పెరగలేదు, కార్డు డిఫెక్ట్ అనుకుంటా' అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లలో నిజంగా కార్డు పాడైనవాళ్లు బాగా తక్కువ. అందుకే కార్డుల మధ్య పోలికకి ముందు నీ బాక్స్ సంగతి మాట్లాడుకుందాం.

ఇప్పుడు నీ గేమ్‌ని వెనక్కి లాగుతున్నది కార్డేనా కాదా అన్నది పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాంతో పాటు అంకెల్ని తెర మీద చూపే రివాట్యూనర్ వస్తుంది. గేమ్ ఆడుతుండగా తెర మూలన జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, సీపీయూ (ప్రాసెసర్) వాడకం, వీర్యామ్ (కార్డు సొంత మెమరీ), ఎఫ్‌పీఎస్ కనిపించేలా పెట్టుకో. వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ హెర్ట్జ్‌కి కట్టేసే సెట్టింగ్) ఆపేసి, ఎఫ్‌పీఎస్ లిమిట్ ఉంటే అదీ తీసేసి, ఓ అరగంట ఆడు. జీపీయూ ఎప్పుడు చూసినా 97, 98 శాతం దగ్గరే ఉండి ఎఫ్‌పీఎస్ తక్కువగా ఉంటే అడ్డం కార్డే. జీపీయూ 60లలో తిరుగుతూ గేమ్ మాత్రం ఆగి ఆగి నడుస్తోందంటే అడ్డం ప్రాసెసరో, ర్యామో. నువ్వు ఎంత మంచి కార్డు పెట్టినా ఆ ఆగడం పోదు.

ఇంకా సులువైన పరీక్ష ఒకటుంది. గేమ్ రిజల్యూషన్‌ని 1080పీ నుంచి 720పీకి దించు. ఎఫ్‌పీఎస్ అమాంతం పెరిగితే కార్డు మీద భారం తగ్గిందన్నమాట, అంటే కొత్త కార్డు పనికొస్తుంది. ఎఫ్‌పీఎస్ అక్కడే ఉంటే, నువ్వు కొత్త కార్డు కొన్నా అక్కడే ఉంటుంది.

నీ సిస్టమ్‌లో ఈ పరీక్ష వాలరెంట్‌లో ఒకలా, సైబర్‌పంక్‌లో ఒకలా వస్తుందని నా అంచనా. వాలరెంట్ ప్రాసెసర్ మీద బతికే గేమ్, 1050 టీఐ మీద కూడా నీ 75 హెర్ట్జ్ మానిటర్ చూపించగలిగిన దానికంటే ఎక్కువే ఇస్తుంది. సైబర్‌పంక్ కథ వేరు. 2023లో 2.0 అప్‌డేట్ సమయంలో గేమ్ చేసినవాళ్లే కనీస అవసరాలు పెంచారు: జీటీఎక్స్ 1060 6 జీబీ, 12 జీబీ ర్యామ్, పైగా ఎస్ఎస్‌డీ. నీ దగ్గర ఈ మూడింట్లో రెండు లేవు, ఎస్ఎస్‌డీ ఉందో లేదో నువ్వు చెప్పలేదు. హార్డ్ డిస్క్ మీద ఆడదామనుకుంటే ఆ ఆలోచన మానుకో.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ కుర్రాడొకడు ఆన్‌లైన్ సేల్‌లో ఆర్టీఎక్స్ 3060 తీసుకుని, తన ఫోర్త్ జెన్ ఐ5లో పెట్టుకున్నాడు. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు. కార్డు పాడైందని పట్టుకొచ్చాడు. తెర మూలన ఆ అంకెలు పెట్టి చూపించా: నాలుగు కోర్లూ 100 దగ్గర గిలగిల్లాడుతున్నాయి, జీపీయూ 40 దాటట్లేదు. తర్వాత బోర్డు, ప్రాసెసర్ మార్చుకున్నాక అదే కార్డు బ్రహ్మాండంగా నడిచింది. నీ 2600కి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు కాబట్టి నీది అంత దారుణం కాదు. ఆర్ఎక్స్ 6600తో 60 ఎఫ్‌పీఎస్ లక్ష్యానికి లాక్కురాగలదు. కొన్ని గేముల్లో, సైబర్‌పంక్‌లో జనం ఎక్కువున్న వీధుల్లో, అది కాస్త రొప్పుతుంది. రేపు డబ్బులు సర్దుబాటైనప్పుడు అదే బీ450 బోర్డులో బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు, బోర్డు మార్చక్కర్లేదు. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే, యూపీఎస్ మీద పెట్టి చెయ్.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే విషయం, ఎస్ఎంపీఎస్. కేబినెట్‌తో ఉచితంగా వచ్చినదాని మీద రాసిన 450ని నమ్మకు. పక్క తలుపు తీసి, దాని పక్కన అంటించిన స్టిక్కర్ ఫోటో తియ్. అందులో +3.3, +5, +12 అని గళ్లుంటాయి. నీకు కావాల్సింది +12 కింద ఉన్న ఆంపియర్ల అంకె. దాన్ని 12తో గుణించు. 16 ఆంపియర్లు ఉంటే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఆ 12 వోల్టుల లైన్ నుంచే, మిగతా అంకెలు కలిపి 450 అని బొమ్మ వేసినా నీకు ఒరిగేదేం లేదు. పేరున్న 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో ఇక్కడ 35 ఆంపియర్లకి అటూ ఇటూగా ఉంటుంది. 12వీ1, 12వీ2 అని రెండు గళ్లుంటే రెండూ కూడెయ్యకు, కింద చిన్న అక్షరాల్లో రెంటికీ కలిపి గరిష్ఠం ఎన్ని వాట్లో రాసి ఉంటుంది, అది చూడు.

నీ 1050 టీఐ 75 వాట్ల కార్డు. చాలా మోడళ్లకి విడిగా పవర్ వైరే ఉండదు, బోర్డు స్లాట్ నుంచే లాగుతుంది. అందుకే ఇన్నాళ్లూ ఆ ఎస్ఎంపీఎస్ గుట్టు బయటపడలేదు. ఆర్ఎక్స్ 6600 అయితే 132 వాట్లు, 8 పిన్ వైర్ కావాలి, 450 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్ చాలని ఏఎండీయే చెప్తుంది. నీదాంట్లో ఆ 8 పిన్ వైర్ అసలు ఉండకపోవచ్చు. అప్పుడు షాపులో వంద రూపాయల కన్వర్టర్ చేతిలో పెడతారు, హార్డ్ డిస్క్‌కి పెట్టే సాటా వైర్ నుంచి 8 పిన్‌కి మార్చేది. అది మాత్రం వద్దు. సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర ఇవ్వగలిగేది 54 వాట్లు, 8 పిన్ నుంచి కార్డు అడగగలిగేది 150 దాకా. కరిగిపోయి నల్లబడ్డ కనెక్టర్లు నా టేబుల్ మీదకి వస్తూనే ఉంటాయి. కొందరు ప్రాసెసర్ దగ్గర పెట్టే 4+4 పిన్‌ని బలవంతంగా కార్డులోకి తోస్తారు. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి కానీ పిన్నుల అమరిక తిరగబడి ఉంటుంది. తోస్తే దిగట్లేదంటే అది నీ మంచికే.

ర్యామ్ దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. ఇంకో 8 జీబీ స్టిక్ వేసి 16 చెయ్, డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేయడం) అవుతుంది, రైజెన్‌కి అది బాగా పడుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎగబాకాయి కాబట్టి సెకండ్‌హ్యాండ్ స్టిక్ తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ర్యామ్ అరిగిపోయే వస్తువు కాదు. తెచ్చిన రాత్రి మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే సాఫ్ట్‌వేర్) పెట్టి పడుకో, పొద్దున ఒక్క ఎర్రర్ కూడా ఉండకూడదు.

సరే, కార్డుల దగ్గరికి వద్దాం.

ఆర్ఎక్స్ 6600 2021 అక్టోబరులో వచ్చింది. 8 జీబీ, 1080పీ కోసమే చేసిన కార్డు. నీ 1050 టీఐ కంటే గేమ్‌ని బట్టి రెండున్నర, మూడు రెట్లు వేగం. బీ450 బోర్డులో పీసీఐఈ (కార్డు కూర్చునే స్లాట్) 3.0 మాత్రమే ఉంటుంది, ఈ కార్డు ఎనిమిది లేన్లే (డేటా దార్లే) వాడుతుంది, అయినా నష్టం ఏదో కాస్తే. ఇదే మాట ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ గురించి చెప్పలేను. దానికి నాలుగే లేన్లు, నాలుగే జీబీ. నీ బోర్డు మీద వీర్యామ్ నిండిన మరుక్షణం అది కుంటుతుంది. పైగా వీడియో ఎన్‌కోడర్ కూడా లేదు, గేమ్ రికార్డు చేసుకుందామంటే భారమంతా ప్రాసెసర్ మీదే. ఎంత తగ్గింపులో కనిపించినా దాటేసెయ్.

ఆర్టీఎక్స్ 3050 అని అడిగావు. ఆ పేరుతో రెండు వేర్వేరు కార్డులున్నాయి. 2022 జనవరిలో వచ్చిన 8 జీబీది ఒకటి, 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీది ఇంకొకటి. తేడా ఒక్క మెమరీలోనే అనుకుంటారు. కాదు, రెండోదాంట్లో కోర్లు తక్కువ, మెమరీ బస్ 128 నుంచి 96 బిట్లకి తగ్గింది, వేగమూ తగ్గింది. షాపువాడు 'త్రీజీరోఫైవ్‌జీరో' అన్నప్పుడు ఏదని అడుగు. 8 జీబీదైనా సరే, మామూలు గేముల్లో ఆర్ఎక్స్ 6600 దాని కంటే పాతిక, ముప్పై శాతం ముందుంటుంది. ఎన్విడియా పక్షాన చెప్పాల్సింది డీఎల్ఎస్ఎస్, అంటే తక్కువ రిజల్యూషన్ బొమ్మని పెంచి ఎఫ్‌పీఎస్ ఎక్కువిచ్చే పద్ధతి. 1080పీలో ఏఎండీ దగ్గరున్న అలాంటిదే, ఎఫ్ఎస్ఆర్ కంటే దాని బొమ్మ శుభ్రంగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ ఒక్కదాని కోసం అంత వేగం వదులుకోమని నేను చెప్పను.

6 జీబీ 3050కి కూడా ఒక చోటుంది. నల్గొండ నుంచి ఒకాయన కొడుకు కోసం రీఫర్బిష్డ్ ఆఫీస్ పీసీ కొన్నాడు, ఆ సన్నటి కేబినెట్ రకం. ఎస్ఎంపీఎస్ 240 వాట్లు, ఆ కంపెనీ సొంత ఆకారం, మార్చుదామంటే బయట దొరకదు, గ్రాఫిక్స్ వైరు లేదు. దాంట్లో 70 వాట్లతో స్లాట్ నుంచే నడిచే 3050 6 జీబీ లో ప్రొఫైల్ (పొట్టి) కార్డు పెట్టాం. హాయిగా నడుస్తోంది. అలాంటి బాక్సులకి అదే మహారాజు. నీది మామూలు కేబినెట్, నీకెందుకు?

జీటీఎక్స్ 1650 గురించి కామెంట్లలో ఎవరో చెప్పారు. వద్దు. నీదాని కంటే ముప్పై శాతం అటూ ఇటూ వేగం, వీర్యామ్ అదే 4 జీబీ. డబ్బులు పెట్టి ఉన్న చోటే ఉండటం. పైగా ఇప్పుడొస్తున్న కొన్ని గేములకి హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (వెలుతురు, నీడల్ని కార్డే లెక్కగట్టడం) లేకపోతే గేమ్ మొదలే కాదు, 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ అలాంటిదే. 1650లో అది లేదు, 6600లో ఉంది.

ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీతో ఊరిస్తుంది, కార్డుగా మంచిదే. నీ సిస్టమ్‌కి మాత్రం కాదు. దానికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ వీర్యామ్ మొత్తాన్నీ ఒకేసారి చూడగలిగే సదుపాయం) ఉండాలి, ఇంటెల్ జాబితాలో రైజెన్ 3000 నుంచే మొదలు. ప్రాసెసర్ కాస్త పాతదైతే డ్రైవర్ భారంతో ఎఫ్‌పీఎస్ బాగా పడిపోతుందని 2025 మొదట్లో రివ్యూలన్నీ మొత్తుకున్నాయి.

డ్రైవర్ల సంగతి కూడా లెక్కలో పెట్టుకో. 1050 టీఐ తరం కార్డులకి కొత్త గేముల కోసం ఇచ్చే డ్రైవర్లని ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది, ఇకపై మూడు నెలలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లే, అవీ 2028 అక్టోబరు దాకా. ఏఎండీ కూడా అదే అక్టోబరు చివర్లో ఆర్ఎక్స్ 5000, 6000 కార్డులని వేరే డ్రైవర్ శాఖలోకి మార్చి గందరగోళం లేపింది. జనం గోల చేశాక, కొత్త గేములకి సపోర్ట్ ఇస్తూనే ఉంటామంది. అందుకే 6600ని నేను 'పదేళ్ల కార్డు' అని అమ్మను. రెండు మూడేళ్లు 1080పీలో ఆడుకునే కార్డు, అంతే.

ఇక్కడొక ప్రశ్న. నువ్వు బీటెక్ సీఎస్ఈ అని రాశావు. ఇంట్లో 'ప్రాజెక్టు కోసం' అని చెప్పి డబ్బులు అడిగావా, లేక నిజంగానే మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు చేస్తావా? నవ్వులాటకి అనట్లేదు. నిజంగా పైటార్చ్ (మెషీన్ లెర్నింగ్‌కి), బ్లెండర్ (3డీ బొమ్మలకి) లాంటివి వాడేవాడివైతే నా సలహా మారిపోతుంది: ఎన్విడియా కార్డుల మీదే నడిచే CUDA కోసం ఎన్విడియానే తీసుకో, సెకండ్‌హ్యాండ్ ఆర్టీఎక్స్ 3060 12 జీబీ వెతుకు. 170 వాట్లు తాగుతుంది కాబట్టి ఎస్ఎంపీఎస్ 550 వాట్లది తీసుకో. కాలేజీ పని కాలేజీ ల్యాబ్‌లోనో, గూగుల్ కొలాబ్‌లోనో అయిపోతోందంటే 6600కే ఉండు.

లెక్క వేద్దాం. కొత్త 6600 చాన్నాళ్లుగా 20 నుంచి 22 వేల మధ్యే ఆడుతూ వచ్చింది, మెమరీ ధరలు పెరిగాక ఇంకా పైకే జరిగే వీలుంది కానీ కిందకి రాదు. అంటే కొత్త కార్డు, కొత్త ఎస్ఎంపీఎస్, ర్యామ్ మూడూ నీ 22 వేలలో రావు. నీకు రెండే దార్లు. ఒకటి, ఈ నెల ఎస్ఎంపీఎస్, ర్యామ్ తీసుకుని, మిగతా డబ్బులు దాచి రెండు మూడు నెలల తర్వాత కొత్త కార్డు. రెండోది, ఎస్ఎంపీఎస్ మాత్రం కొత్తది, కార్డు, ర్యామ్ సెకండ్‌హ్యాండ్. నువ్వు నా సొంత తమ్ముడివైతే మొదటిదే చేయించేవాణ్ణి, ఎందుకంటే కార్డులకి మూడేళ్ల వారంటీ అన్నది చిన్న విషయం కాదు. సెకండ్‌హ్యాండ్‌కే వెళ్తే బిల్లు, కనీసం ఏడాది వారంటీ మిగిలున్న కార్డుకే వెళ్లు, కొత్తదాని ధరలో మూడింట రెండొంతులు దాటి ఇవ్వకు.

చూసి కొనేటప్పుడు కార్డుని తిప్పి వెనక స్క్రూలు చూడు. స్క్రూ తలల మీద గీతలు పడ్డాయా, వారంటీ స్టిక్కర్ చిరిగిందా? అంటే విప్పారు. ఎందుకు విప్పారో అడుగు. థర్మల్ పేస్ట్ (వేడి లాగే పూత) మార్చాం అంటే తప్పేం లేదు, కానీ జవాబు తడుముకోకుండా రావాలి. ఫ్యాన్‌ని వేలితో మెల్లగా అటూ ఇటూ కదుపు, వదులుగా ఊగితే బేరింగ్ పోయినట్టు. తర్వాత సిస్టమ్‌లో పెట్టించి జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరవమను. పాత కార్డుల బయోస్ మార్చి 1050 టీఐ అని అమ్మే నకిలీ కార్డుల్ని అది పేరు పక్కనే ఫేక్ అని చూపిస్తుంది. ఆర్ఎక్స్ 580 కొనేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, అందులో షేడర్ల అంకె 2304 ఉండాలి, 2048 ఉంటే అది తక్కువ రకం. ఫర్‌మార్క్ (కార్డుకి పూర్తి భారం పెట్టే పరీక్ష) పావుగంట నడిపి, తెర మీద చుక్కలు, గీతలు రాకుండా, వేడి ఎక్కడో ఒకచోట నిలకడగా ఆగుతోందా చూడు. డిస్‌ప్లే పోర్టులన్నిటికీ కేబుల్ మార్చి మార్చి పెట్టు. ఒక పోర్టు చచ్చిన కార్డులు చాలానే తిరుగుతున్నాయి. సిస్టమ్‌లో పెట్టి చూపించను, కొరియర్ చేస్తా, ముందు యూపీఐ కొట్టు అనేవాడికి దండం పెట్టి వచ్చెయ్.

మైనింగ్ (క్రిప్టో కరెన్సీ తవ్వడం) చేసిన కార్డా అని భయపడతారు జనం. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక అవి కుప్పలుగా మార్కెట్లోకి వచ్చిన మాట నిజమే. పై పరీక్షలన్నీ దాటిన కార్డు ఒకప్పుడు మైనింగ్ చేసిందా లేదా అన్నది నేను పెద్దగా పట్టించుకోను. ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు మాత్రం త్వరలో మార్చాల్సి వస్తుందని ధరలో తగ్గించి అడుగు.

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. నీ 2600 విండోస్ 11కి అర్హమే, బయోస్‌లో ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగ్‌లు ఆన్ చేస్తే చాలు. విండోస్ 11 మీద వాలరెంట్ ఆ రెండూ అడుగుతుంది కూడా. అవి ఆన్ చేసేముందు డిస్క్ ఎంబీఆర్‌లో (పాత పద్ధతి) ఉందా జీపీటీలో (కొత్త పద్ధతి) ఉందా చూసుకో, ఎంబీఆర్ అయితే ముందు మార్చాలి. పాత డ్రైవర్‌ని డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తుడిచాకే ఏఎండీ డ్రైవర్ వెయ్, ఎన్విడియా నుంచి మారేవాళ్లకి సగం తలనొప్పి అక్కడే.

చివరిగా, కొత్త కార్డు రాగానే 1050 టీఐని అమ్మకానికి పెట్టెయ్యకు. నీ 2600లో సొంత గ్రాఫిక్స్ లేదు, బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు ఊరికే అలంకారం. కొత్త కార్డు మొదటి నెలలోనే మొరాయించి సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, తిరిగొచ్చేదాకా నీ తెర మీద బొమ్మ రావాలంటే ఆ పాత కార్డే దిక్కు. ఓ రెండు నెలలు డబ్బాలో పెట్టి ఉంచు, తర్వాత అమ్ముకో. ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ ఫోటో, ఆఫ్టర్‌బర్నర్ అంకెలు కింద పెట్టు, ఏ ఎస్ఎంపీఎస్ తీసుకోవాలో అవి చూసి చెప్తా.